పటం మీద పేక గీతలు

3 అడుగుల వెడల్పు, 24 అడుగుల పొడవున్న ఒక పటం, అంటే కథ చెబుతూ విప్పే బొమ్మల బట్ట, వేయడానికి నాకు 14 నెలలు పట్టింది. దానికి ముందు చెడిపోయిన బట్టలు, సగంలో వదిలేసిన బొమ్మలు కూడా లెక్కేస్తే మూడేళ్లు. నా దగ్గర డ్రాయింగ్ నేర్చుకొని ఇప్పుడు ఫైన్ ఆర్ట్స్‌లో చేరిన పిల్లలు ఎప్పుడు కలిసినా "మేడమ్, ఈ స్టైల్ మీకెట్ల దొరికింది?" అని అడుగుతారు. నిలబడి చెప్పేంత చిన్న ముచ్చట కాదు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

మాది వరంగల్ కొత్తవాడ. పద్మశాలీలం. తాత ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేశాడు. బాపు, అంటే మా నాన్న, దర్రీలు నేస్తాడు. నేల మీద పరిచే నూలు పరుపులవి, పాతవాళ్లు శత్రంజీలంటారు. అవ్వ, అంటే మా అమ్మ, నూలు చుడుతుంది, పడుగుకు (మగ్గం మీది నిలువు పోగులకు) గంజి పెడుతుంది. నేను హన్మకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. పొద్దున ఐదు నుంచి ఏడు వరకు, రాత్రి అన్నాలు తిన్నాక పదకొండు వరకు బొమ్మలు వేస్తాను. మగ్గం ఉన్న అర్రలోనే ఒక మూల నా చోటు.

నేను మొట్టమొదట చూసిన రంగు బకెట్లో ఉండేది. బాపు నూలు లచ్చలు రంగులో ముంచి తీసి వెదురు కర్రకు వేలాడేస్తే కింద నేల మీద ఎర్ర చుక్కలు, నీలి చుక్కలు పడేవి. బతుకమ్మకు ముందు ఆ మిగిలిన రంగు నీళ్లలో అవ్వ గునుగు పూల కట్టలు ముంచేది. తెల్లటి గునుగు ఒక్క మునకకు ముదురు ఊదాగా మారిపోయేది. తంగేడు వరుస, దాని మీద ఊదా గునుగు వరుస, మళ్లీ తంగేడు. పేర్చిన బతుకమ్మను పైనుంచి చూస్తే గుండ్రాలు కనబడతాయి, పక్కన కూర్చుని చూస్తే అడ్డ వరుసలు. నేనెప్పుడూ పక్కన కూర్చునే చూసేదాన్ని, పూలు అందించే పని నాది కాబట్టి.

2010లో హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్ఏఎఫ్ఏయూలో బీఎఫ్ఏ డిగ్రీకి, పెయింటింగ్‌లో చేరాను. కాలేజీలో ఎవరి బొమ్మలు నచ్చితే వాళ్లలాగా వేశాను, అందరూ చేసేదే. లక్ష్మాగౌడ్ గారి మేకలు, చెట్లు, ఆ సన్నటి గీత చూసి ఆరు నెలలు ఇంకు పెన్ను తప్ప ఇంకేదీ ముట్టలేదు. సిద్దిపేట కాపు రాజయ్య గారి పల్లె బొమ్మల్లో మనుషులు గుంపుగా నడుస్తుంటే డప్పు వినబడ్డట్టే అనిపించేది. తోట వైకుంఠం గారి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అక్కడే ఆగిపోయాను. ఆయన ఊరు బూరుగుపల్లి, మా పక్కనున్న కరీంనగర్ జిల్లా. పెద్ద బొట్టు, ముదురు గోధుమ ఒళ్లు, నిండు ఎరుపు చీర. చూస్తే మేనత్తో చిన్నమ్మో ఎదురొచ్చినట్టే ఉంటుంది.

డిగ్రీ అయ్యాక నాలుగేళ్లు నేను వేసినవన్నీ ఆ బొమ్మలకు చెల్లెళ్లే. హన్మకొండలో ఒక ఫ్రేముల షాపులో పెడితే అమ్ముడుపోయేవి. కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లు హాల్లోకి కొనుక్కునేవాళ్లు. ఒక్కోటి 4,000, 5,000 రూపాయలు వచ్చేది. ఇంట్లో ఆ డబ్బు అవసరం కూడా ఉండేది, కాబట్టి ఆ నాలుగేళ్లను నేను తక్కువ చేసి చెప్పను.

ఒకరోజు అలాంటి బొమ్మ ఆరబెట్టి ఉంటే అవ్వ గంజి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి చాలాసేపు చూసింది. "మంచిగున్నది బిడ్డా. గని ఈమె ఎవలు?" అంది. ఎవరూ కాదు, ఊరికే తెలంగాణ ఆడమనిషి అన్నాను. "మన వాడల గిన్ని నగలేసుకున్నామె ఎవలున్నరే?" అంది. అవ్వ దెప్పిపొడవడానికి అనలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

వైకుంఠం గారు ఎన్నోసార్లు చెప్పిన సంగతే: చిన్నప్పుడు ఊరికి వచ్చే నాటకాల్లో ఆడవేషం కట్టే మగవాళ్లను చూసి ఆయన ముచ్చటపడ్డారు, ఆయన వేసే ఆడవాళ్లలో ఆయన తల్లి ఉంది. ఆ ఎరుపు ఆయన దగ్గరికి ఆ దారిన వచ్చింది. నా దగ్గరికి ఆయన బొమ్మలోంచి వచ్చింది. ఇది తెలిశాక బ్రష్ పట్టుకుంటే చెయ్యి ముందుకు పోలేదు. ఫ్రేముల షాపాయనకు ఇక బొమ్మలు ఇవ్వలేనని చెప్పాను. చాలా మంచి మనిషి, "నీకు ఎప్పుడు తీసుకురావాలనిపిస్తే అప్పుడు తీసుకురా అమ్మా" అన్నాడు.

ఆ తర్వాత ఎనిమిది నెలలు రంగు ముట్టలేదు. ఆదివారం వస్తే ములుగు బస్సెక్కి పాలంపేట రామప్ప గుడికి వెళ్లి పెన్సిల్‌తో గీసుకునేదాన్ని. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి అది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాక జనం పెరిగారు, కానీ పొద్దున ఎనిమిదింటికి పోతే ఇప్పటికీ నిమ్మళంగా గీసుకోవచ్చు. గుడి ఎర్ర ఇసుకరాయి, బయట కప్పు కింద నిలబెట్టిన ఆడ శిల్పాలు, మదనికలు, నల్లరాయి. ఆ నల్లరాయి ఎంత గట్టిదంటే ఎనిమిది వందల ఏళ్ల వానకు, ఎండకు కూడా నునుపు పోలేదు.

మదనికలను గీస్తుంటే నాకొక సంగతి తట్టింది. వాళ్లలో గుండ్రంతనం తక్కువ. పొడుగు కాళ్లు, పక్కకు తిరిగిన మోకాలు, మడిచిన మోచెయ్యి, అన్నీ కోణాలు. కప్పును మోస్తున్నట్టు ఏటవాలుగా పెట్టాల్సిన బొమ్మ కాబట్టి శిల్పి ఒంటిని ఆ వాలుకు తగ్గట్టు సాగదీశాడు. రాయి ఉండాల్సిన చోటు ఆ ఒంటి తీరును నిర్ణయించింది. నా స్కెచ్ బుక్కులో ఆ పేజీ కింద "వాలు వల్ల వచ్చిన అందం" అని రాసి పెట్టుకున్నాను. అది ఎందుకు రాసుకున్నానో అప్పుడు పూర్తిగా తెలియలేదు.

తెలిసింది ఇంట్లోనే. బాపుకు నెమలి ఉన్న దర్రీ కావాలని ఒక ఆర్డర్ వచ్చింది. డిజైన్ నేను వేసిస్తానన్నాను. గ్రాఫ్ కాగితం మీద నెమలి మెడ చక్కటి వంపుతో గీసిచ్చాను. బాపు కళ్లద్దాలు పెట్టుకొని చూసి, కాగితం నా చేతిలో పెట్టి అన్నాడు: "మగ్గానికి వంపు తెల్వది బిడ్డా. మెట్లే తెలుసు."

ఆ రోజు స్కూలుకు సెలవు పెట్టి మగ్గం పక్కనే కూర్చున్నాను. పుట్టినప్పటి నుంచి చూస్తున్న పనే, కానీ చూడటం అదే మొదటిసారి. దర్రీలో పడుగు కనబడదు, పేక, అంటే అడ్డ పోగు, దాన్ని పూర్తిగా కప్పేస్తుంది. నీలం పేక మెడ అంచు దాకా పోయి వెనక్కి తిరుగుతుంది. అవతలి నుంచి తెల్ల పేక వచ్చి అక్కడే తిరుగుతుంది. రెండూ కలిసే చోట ఒకదాన్నొకటి మెలేసుకోవాలి, లేకుంటే అక్కడ చీలిక పడుతుంది. బాపు వేళ్లతో మెలేసి, దువ్వెన లాంటి ఇనుప పంజాతో టక్ టక్‌మని కొట్టి కిందికి దించుతాడు. తర్వాతి వరుసలో ఒక పోగు జరుగుతాడు. ఇట్లా ఒక్కో మెట్టు. దగ్గర నుంచి చూస్తే మెడ రంపపు పళ్లలాగా ఉంది. వాకిట్లోకి పోయి పది అడుగుల దూరం నుంచి చూశాను. మెడ వంగి ఉంది. నేను గీసిన వంపు కంటే మంచి వంపు.

దర్రీ దిగాక తిరగేసి చూశాను. అటువైపు కూడా అదే నెమలి. 2018లో వరంగల్ దర్రీకి జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చినప్పటి పేపర్ కటింగ్ బాపు మగ్గం గుంజకు అతికించుకున్నాడు. రోజూ దాని పక్కనుంచి నడుస్తూ నేను ఎవరి ఎరుపునో అరువు తెచ్చుకున్నానని ఆ సాయంత్రం నాకు చాలా బాధేసింది.

మరునాడు ఒక చిన్న కాగితం మీద అవ్వ ముఖం వేశాను. గీత గీయలేదు. సున్నా నంబరు బ్రష్‌తో, ఎడమ నుంచి కుడికి అడ్డ గీతలు మాత్రమే. చెంప రంగు గీత ఎక్కడ ఆగితే అక్కడి నుంచి వెంట్రుకల రంగు గీత మొదలు, రెండూ వెంట్రుక వాసిన ఒకదానిలోకి ఒకటి చొరబడేట్టు. అరచేయంత బొమ్మకు నాలుగు రాత్రులు పట్టింది. అవ్వకు చూపిస్తే "ఇది నేను" అంది. అంతే అంది. నా పద్ధతికి నేను పెట్టుకున్న పేరు పేక గీత. కళాశాలల్లో దీనికి ఇంకేదైనా పేరు ఉంటే ఉండొచ్చు, నాకు ఈ పేరే కావాలి.

అరచేయంత బొమ్మలు వేసుకుంటూ ఉండిపోయేదాన్నేమో, మా నాయినమ్మ ముచ్చట వినకపోతే. ఆమె చిన్నతనంలో పటం కథలు చెప్పే కూనపులి కులంవాళ్లు పటం చుట్ట భుజాన వేసుకొని పద్మశాలీ వాడలకు వచ్చేవాళ్లు. రెండు గుంజల మధ్య కర్ర కట్టి, దాని మీదుగా పటం దించుతూ మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు. పైన వినాయకుడు, కిందికి దించిన కొద్దీ కథ. తామర తూడు నుంచి దారం తీసి దేవతలకు బట్ట నేసిన భావనా రుషి మన మూలపురుషుడని చెప్పే ఘట్టం రాగానే వాడలోని ముసలివాళ్లంతా లేచి దండం పెట్టేవాళ్లట. పటం పూర్తిగా చిరిగి పాతబడితే ఊరికే పారేయరు, మనిషికి చేసినట్టు తంతు చేసి నీళ్లలో కలుపుతారు. బొమ్మకు అంత మర్యాద ఉన్న ఇంట్లో పుట్టానని ముప్పై ఏళ్లకు తెలిసింది నాకు.

అప్పుడు అనుకున్నాను, మా వాడ కథ పటంగా వేయాలని. పైన తామర తూడు. దాని కింద ఆజంజాహి మిల్లు. నిజాం కాలంలో 1934లో పెట్టిన మిల్లు, 2002లో మూతపడింది. మూతపడ్డప్పుడు నాకు పదకొండేళ్లు. దాని కింద దర్రీల మగ్గాలు, వాటి కింద బతుకుదెరువుకు భివండి, సూరత్, షోలాపూర్ రైలెక్కిన మా వాళ్లు. ఎనిమిది గదులు, ఒక్కో గది 3 అడుగులు.

పటం అంటే చేర్యాలకు పోవాల్సిందే. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది, మునుపు మా వరంగల్ జిల్లాదే. అక్కడ పటాలు వేసే ఒక నకాషీ కుటుంబం దసరా సెలవుల్లో నన్ను మూడు రోజులు తమ ఇంట్లో ఉంచుకున్నారు. ఆ అన్న బొమ్మలు వేస్తాడు, వదినె బట్ట తయారు చేస్తుంది. చూడటానికి వెళ్లింది అన్న పని, కానీ ఎక్కువసేపు కూర్చున్నది వదినె దగ్గరే. ముతక ఖాదీ బట్టకు ముందు గంజి. నానబెట్టిన చింతగింజలు రుబ్బి, ఉడికించి జిగురు చేస్తారు. సుద్దమట్టి నానేసి వడగట్టి, ఆ జిగురు, చెట్టు బంక కలిపి బట్టకు పూస్తారు. ఆరాక మళ్లీ, ఆరాక మళ్లీ, మూడు పూతలు. ఆపైన అన్న పెన్సిల్ కూడా లేకుండా సరాసరి కుంచెతో బొమ్మ దించుతాడు. ముందు వెనకభాగమంతా ఎరుపు నింపుతాడు, తర్వాత ఒంటి రంగులు, బట్టల రంగులు, చివరికి నల్ల గీత. ఆ నల్ల గీత పడగానే అప్పటిదాకా పడుకున్న బొమ్మ లేచి కూర్చుంటుంది.

నా పేక గీతల బొమ్మ ఒకటి ఆయనకు చూపించాను. చేతిలోకి తీసుకొని దగ్గరగా, దూరంగా పెట్టి చూశాడు. "పని మస్తున్నది చెల్లె. గని గీత లేకుంటే దూరం కూసున్నోనికి కనవడది. పటం రాత్రిపూట దీపం ముంగట విప్పుతరు" అన్నాడు. ఎరుపు ఎందుకు నింపవని కూడా అడిగాడు. ఎరుపు నింపితే నాది చేర్యాల బొమ్మకు నకలు అవుతుందేమోనని భయమన్నాను. ఆయన ఏమీ అనలేదు, ఇంకో కుంచె నా చేతికిచ్చాడు.

ఇంటికొచ్చి 9 అడుగుల బట్ట తయారు చేశాను. వదినె చెప్పినవన్నీ రాసుకున్న కాగితం ఎదురుగా పెట్టుకొని చేశాను. తెల్లగా, గోడంత గట్టిగా వచ్చింది. పొంగిపోయాను. ఆరు వారాలు దాని మీద తామర తూడు గది వేసి, చుట్ట చుట్టి మూల పెట్టాను. పదిరోజుల తర్వాత విప్పితే రంగు పెచ్చులుగా రాలింది. నేలంతా తెల్ల పొడి, మధ్యలో తామర రేకులు. రెండో బట్టకు జిగురు ఎక్కువ కలిపాను. అది వానాకాలం, బూజు పట్టింది. టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర లేదు. మూడోదానికి బట్ట కొనడానికి డబ్బులు కూడా లేవు, జీతం వచ్చేదాకా ఆగాను.

ఆ రాలిన పెచ్చులను అవ్వ ఊడుస్తూ ఒకటి చేతిలోకి తీసుకొని విరిచింది. "గింత మందం ఎందుకు కొట్టినవ్? పడుగుకు గిట్లనే పెడితే పోగు పోగు తెగదా?" అంది. నాకు అప్పుడు వెలిగింది. నలభై ఏళ్లుగా రోజూ వంగే పోగుకు, మగ్గం మీద తన్నులు తినే పోగుకు గంజి పెట్టిన మనిషి ఇంట్లోనే ఉంది, నేను కాగితం ఎదురుగా పెట్టుకొని కూర్చున్నాను. చుట్టే పటానికీ, నేసే పోగుకూ కావాల్సింది ఒకటే. గట్టిగా ఉండాలి, వంగాలి.

మూడో బట్ట అవ్వ చేసింది. జిగురును బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి సాగదీసి చూసేది. దారం సాగి తెగకుండా నిలిస్తే ఎక్కువైనట్టు, సాగకుండానే విడిపోతే తక్కువైనట్టు, సాగి మెల్లగా తెగితే సరి. ఇంత సుద్దకు ఇంత జిగురని కొలత అడిగితే "నీ వేలుకు తెలుస్తది" అంది. బూజు రాకుండా చిటికెడు మైలుతుత్తం కలిపింది, పిల్లలు లేనప్పుడే, వాడిన గిన్నె మళ్లీ వంటింట్లోకి రాకుండా. పూత ఎంత పలచగా వేసిందంటే మొదటి పూత తర్వాత బట్ట నేత ఇంకా కనబడుతూనే ఉంది. ఎండలో వేయబోతే ఆపింది, నీడలో రెండు రోజులు ఆరబెట్టింది. మూడు పూతలకు బదులు ఐదు పూతలు పడ్డాయి. ఆరాక చుట్టి, విప్పి, మడిచి చూశాం. ఒక్క పెచ్చు లేవలేదు. పటానికి కావాల్సిన 24 అడుగులూ ఆమే చేసింది. అందుకే పటం కింద కొసన ఇద్దరి పేర్లూ ఉన్నాయి, ముందు ఆమె పేరు.

రంగుల సంగతి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఎరుపుకు జాజు, గడపలకు అలికే ఎర్రమట్టి. నలుపుకు దీపం మసి. నీలి. పసుపుకు మొదట వంటింటి పసుపే వాడాను, కిటికీ దగ్గర పెట్టిన ముక్క నెల తిరిగేసరికి వెలిసిపోయింది. ఆ తర్వాత పసుపుపచ్చ మట్టి రంగుకు మారాను. అన్నిటికీ చెట్టు బంకే.

స్కూలున్న రోజు అరంగుళం, ఆదివారం రెండంగుళాలు. పొద్దున మగ్గం మీద బాపు, కింద నేను. ఆయన టక్‌మని కొట్టిన ప్రతిసారీ నా గీత ఒకటి పూర్తయ్యేది. సాయంత్రం ఆయన "నీయి ఎన్ని ఇంచులైనయ్?" అని అడిగేవాడు. నేసినవాళ్లకు ఇంచే లెక్క. నన్ను ఆ లెక్క అడగడం నాకెంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

దూరం నుంచి కనబడదని చేర్యాల అన్న చెప్పిన మాట మాత్రం వెంటాడింది. ఒక గది పూర్తయ్యాక రాత్రి వాకిట్లో బల్బు కింద వేలాడదీసి, రోడ్డు అవతలి అరుగు మీద కూర్చుని చూశాను. ఆయన చెప్పింది నిజం. మనుషులు నేలలో కలిసిపోయారు. నల్ల గీత వేయడానికి మనసొప్పలేదు, మెలేసిన అంచు మీద గీత వేస్తే మెలేసి ఏం లాభం? చివరికి మసి నలుపును ఒక్క వెంట్రుకలకు, కళ్లకు మాత్రమే ఉంచి, మిగతా బొమ్మలో ఎక్కడా నలుపు లేకుండా తీసేశాను. అప్పుడు అరుగు మీద నుంచి తలలు కనబడ్డాయి. తల కనబడితే కన్ను కింది ఒంటిని తానే వెతుక్కుంటుంది. మిల్లు నుంచి షిఫ్టు విడిచి వస్తున్న గదిలో 41 మంది ఉన్నారు. సుద్ద తెలుపు మీద 41 నల్ల తలలు. నాకు ఆ గది మీద చాలా నమ్మకం కుదిరింది.

పూర్తయ్యాక హైదరాబాద్‌లో ఒక గ్యాలరీకి తీసుకెళ్లి చూపించాను. వాళ్లకు నచ్చింది. ఎనిమిది గదులూ కోసి విడివిడిగా ఫ్రేములు కడితే ఎనిమిదీ అమ్ముడవుతాయన్నారు. వాళ్ల వైపు నుంచి అది న్యాయమే, 24 అడుగుల బట్ట ఏ గోడకు పడుతుంది? కానీ పటం కోస్తే కథ తెగుతుంది. పడుగు మధ్యలో కోసిన దర్రీని ఎవరూ దర్రీ అనరు. చుట్టి బస్సెక్కి వచ్చేశాను. అప్పుడే నాకు ఏం కావాలో కూడా తేలింది. ఈ పటాన్ని ఎవరైనా విప్పుతూ పాడాలి. కూనపులి వాళ్లలో ఒకాయనతో మాట్లాడాను, పాట కడితే పాడతానన్నాడు, ఇద్దరం కూర్చుని కడుతున్నాం. తర్వాతి పటం భివండిది. దాన్ని అక్కడి మా వాళ్ల వాడల్లోనే విప్పాలని, వాళ్ల ముందే మొదటిసారి చూపించాలని నా కోరిక.

ముందైతే మా వాడలో విప్పాం. పోయిన సంక్రాంతి సెలవుల్లో, మా ఇంటి ముందు రెండు గుంజలు పాతి, నాయినమ్మ చెప్పినట్టే. వంద మంది దాకా వచ్చారు. పాట ఇంకా తయారు కాలేదు కాబట్టి నేనే చెప్పాను, గొంతు వణికింది. తామర తూడు దగ్గర మా పెద్దమ్మ దండం పెట్టింది. మిల్లు గది దించగానే జనంలో కదలిక. "అగో, సైకిల్ మీద మీ బాపే" అని ఒకరు, "టిఫిన్ డబ్బా చేతులున్నది ఎవలు?" అని ఇంకొకరు. ఎనభై దాటిన ఒక తాత, మిల్లులో పనిచేసినాయన, మనుమని భుజం పట్టుకొని పటం దగ్గరికి వచ్చాడు. ఒక్కో తలను వేలితో ముట్టకుండా, గాలిలో లెక్కపెడుతున్నట్టు చూశాడు. చాలాసేపటికి నా వైపు తిరిగాడు.

"తలల మీద దూదేది బిడ్డా?"

నాకు అర్థం కాలేదు.

"షిఫ్టు ఇడిసి అచ్చినమంటే నెత్తి మీద, కనుబొమ్మల మీద, మీసాల మీద దూదే. తెల్లగ ముసలోళ్ల లెక్క అచ్చేది ఇంటికి. ఇరవై ఏండ్ల పిలగాడు గూడ తెల్లగనే. నా పెండ్లాం వాకిట్ల నిలవెట్టి కొంగుతోని దులిపేది. గిట్ల నల్లగ ఎవలు అచ్చిన్రు?"

చుట్టూ ఉన్న ముసలివాళ్లు అవునవును అన్నారు. ఒకామె ఏడ్చింది. నేను మా తాత నోట ఎన్నో ముచ్చట్లు విన్నాను, ఇది మాత్రం వినలేదు, అడగలేదు.

మరునాడు పొద్దున సుద్ద కలిపి ఒక తల మీద తెల్ల గీతలు వేసి చూశాను. నెత్తి మీద, కనుబొమ్మల మీద. వేసిన వెంటనే ఆ మనిషి తెల్ల నేలలో కలిసిపోయాడు, రాత్రి అరుగు మీద నుంచి చూస్తే అసలే లేడు. రెండు రోజులు ఏం చేయాలో తోచలేదు. మూడో రోజు చేర్యాల అన్నకు ఫోన్ చేసి చెప్పాను. "నేల ఎర్రగ నింపు చెల్లె. ఎరుపు మీద తెలుపు మైలు దూరం కనవడ్తది. మా తాతలు ఊకెనే నింపలే" అన్నాడు.

జాజు నూరింది అవ్వే. మనుషుల మధ్య నేలంతా ఎర్రటి పేక గీతలతో నింపుతున్నాను, ఎడమ నుంచి కుడికి. ప్రతి తల దగ్గరా ఆగి మెలేసి, దాని మీద దూది వేసి, మళ్లీ ముందుకు. దూది గురించి అడిగిన ఆ తాత రెండ్రోజులకోసారి వచ్చి అరుగు మీద కూర్చుంటున్నాడు. నిన్న ఒకరిని చూపించి "ఈనకొద్దు, ఈన ఆఫీసుల పనిజేస్తడు" అన్నాడు. ఆ మనిషిని నల్లగానే ఉంచాను. పదమూడు తలలు అయ్యాయి.